ఎడమ గొట్టం

ఏడో మైక్రోస్కోప్ కుడి గొట్టానికి కన్ను ఆనించి, పక్కనున్న చక్రాన్ని బొటనవేలితో వెంట్రుకవాసి తిప్పాడతను. మసక విడిపోయి ఉల్లిపొర గదులు గీత గీసినట్టు నిలబడ్డాయి. "వచ్చావా తల్లీ" అనుకుని తల ఎత్తాడు. తర్వాత ఎడమ గొట్టం వంక చూశాడు, పిలవకుండా వచ్చి కూర్చున్న చుట్టాన్ని చూసినట్టు. దాని మెడకున్న నల్లటి వలయాన్ని కాస్త అటూ ఇటూ తిప్పి, మధ్యలో ఉందని తోచిన చోట వదిలేసి, ఎనిమిదోదాని దగ్గరికి జరిగాడు.

ఎనిమిదిన్నర కావస్తోంది. పదిన్నరకి క్లాసు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ ల్యాబ్ తాళం తీసేదీ వేసేదీ అతనే. మూడు వరసల రాతి బల్లలు, గోడవారన సీసాల్లో రంగు వెలిసిన చేపలు, కప్పలు, చుట్టలు చుట్టుకున్న ఒక పాము, ఎంత బిగించినా చుక్కలు వదలడం మానని మూల కుళాయి. ఇన్నాళ్లూ బల్లల మీద పన్నెండు పాత మైక్రోస్కోపులుండేవి. ఒక్కో దానికి ఒక్కటే గొట్టం, కింద వెలుతురు పట్టడానికి చిన్న అద్దం. నిన్న సాయంత్రం వాటిని మూలకు చేర్చి పాత కాగితాలు కప్పారు. వాటి స్థానంలో పది కొత్తవి వచ్చాయి. వీటిలో కరెంటు దీపం ఉంది. గొట్టాలు రెండేసి.

"ముందు కుడి కంటితో ఫోకస్ చేయండి. తర్వాత ఎడమ కంటితో చూస్తూ ఆ వలయం తిప్పి సరిచేయండి. అంతే, రెండు నిమిషాల పని" అని నిన్న కొత్త మేడం చెప్పింది. అతను బుద్ధిగా తలూపాడు. వలయం మీద గీత గానీ అంకె గానీ ఉంటే దాన్ని బట్టి పెట్టేవాడు. ఏదీ లేదు.

అతని ఎడమ కన్ను పనిచేయడం మానేసి పంతొమ్మిదేళ్లు.

చూసేవాళ్లకు ఆ సంగతి తెలియదు. అందరి కన్నులాగే నల్లగా, తేటగా, కుడిదానితో పాటే అటూ ఇటూ కదులుతుంది. బాగా అలసిపోయిన రోజున మాత్రం కొంచెం బయటివైపుకి జారుతుంది. అప్పుడు కళ్లజోడు సవరించుకుంటున్నట్టు మొహం తిప్పుకుంటాడు. సన్నటి మనిషి, పొడుగాటి మెడ, బల్లల మీదికి వంగి వంగి గూను దిగిన భుజాలు. వింతేమిటంటే అతని మొహం ఒకవైపే ముసలిదైంది. కుడికంటి పక్కన చిట్లించి చిట్లించి మూడు లోతైన ముడతలు పడ్డాయి. ఎడమవైపు నున్నగా, పాతికేళ్ల వాడి చెంపలా ఉంటుంది.

పిల్లలు అతన్ని అద్దాల బాబాయ్ అంటారు. పరీక్షకు ముందు రోజు పుస్తకం చేతపట్టుకుని మేడం గదికి కాదు, అతని దగ్గరికే వస్తారు. "ముందు చిన్న లెన్సు పెట్టాలమ్మా. పక్కనుంచి చూస్తూ, స్లైడు పెట్టిన చిన్న బల్లను లెన్సు దాకా తేవాలి. ఆ తర్వాత కన్ను పెట్టి, ఇక దూరం జరపడమే గానీ దగ్గరికి తేకూడదు. తెచ్చావో, స్లైడు పుటుక్కుమంటుంది" అని చెప్పేవాడు. ఇంకో మాట కూడా చెప్పేవాడు, అది అతని సొంత పాఠం. "ఒక కన్ను మూసుకోకు, నొప్పి పుడుతుంది. రెండూ తెరిచే ఉంచు. రెండోదాన్ని ఊరికే ఉండమని చెప్పు." పిల్లలు ప్రయత్నించేవారు, రెండో కంటికి బల్లా చెయ్యీ కనబడి గందరగోళపడేవారు. బాబాయ్ మాత్రం రెండు కళ్లూ బార్లా తెరుచుకుని గంటలసేపు చూడగలడు. ఆ విద్య ఎలా పట్టుబడిందని అడిగితే, "అలవాటు" అనేవాడు.

ఈ ఏడు మొదట్లో జడ పిల్ల ఒకతె, నడుం దాటిన జడ కాబట్టి అతను ఆ పేరు పెట్టుకున్నాడు, మూడు క్లాసులు గడిచినా ఏమీ కనబడక ఏడ్చింది. "ఏం కనిపిస్తోందమ్మా?" అని అడిగితే, "నల్లటి పుల్లలు బాబాయ్" అంది. అవి ఆమె కనురెప్పల వెంట్రుకలే. నవ్వకుండా పక్కన కూర్చుని, కన్ను ఎంత దూరంలో ఉంచాలో వేలితో కొలిచి చూపించాడు. మొదటిసారి గదులు కనబడినప్పుడు ఆ పిల్ల అతని మోచెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

పంతొమ్మిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం స్లైడ్లకు వేసే రంగు ఉన్న సీసాకి గాజు బిరడా బిగుసుకుపోయింది. అప్పుడే కొత్తగా చేరిన లెక్చరర్ ఆ సీసా మెడను మరుగునీళ్లలో ముంచి ముంచి తీస్తున్నాడు.

"మెల్లిగా సార్, ఆ రంగులో స్పిరిటుంది. పొంగుతుందేమో."

"పట్టుకోవయ్యా, నువ్వు గట్టిగా పట్టుకుంటే చాలు."

అతను సీసాను పొట్టకానించి రెండు చేతులా పట్టుకుని వంగాడు. బిరడా గుండులా లేచి ఎడమ కంట్లో తగిలింది. నెత్తురు రాలేదు. వచ్చి ఉంటే ఎవరో ఒకరు కంగారుపడేవారు. రెండో రోజు ఆ కంటికి ఓ పక్కనుంచి బూడిదరంగు తెర దిగడం మొదలైంది. నాలుగో రోజున చూసిన డాక్టరు, లోపలి పొర ఊడిపోతోందని, వారంలోగా పెద్దాసుపత్రిలో కోయించాలని చెప్పాడు. ఆ సాయంత్రం లెక్చరర్ అతని ఇంటికి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ఇచ్చిన టీ ముట్టలేదు.

"నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇది బయటికొస్తే నన్ను పంపించేస్తారు. ఒంటికన్ను మనిషివని తెలిస్తే నిన్నూ ఉంచరు. పరీక్షలు కానీ, దగ్గరుండి నేనే చేయిస్తా. నేనున్నంత కాలం నీ ఉద్యోగానికి ఢోకా లేదు, సరేనా?"

పరీక్షలు అయ్యేసరికి నెలన్నర పట్టింది. అప్పటికి తెర పూర్తిగా దిగిపోయింది. ఆ లెక్చరరే ఇప్పుడు ప్రిన్సిపాల్.

తర్వాత బతుకంతా సర్దుబాటే. చుక్కల గొట్టంతో స్లైడు మీద నీటిచుక్క వేయాలంటే ముందు దాని మొనను గాజుకు తాకించి చూసుకునేవాడు. గ్లాసులో నీళ్లు పోయాలంటే అంచు మీద వేలు పెట్టేవాడు. మూడేళ్లకోసారి కంటి పరీక్ష పెట్టేవారు. గోడ మీది అట్టలో అక్షరాలను కుడికంటితో చదివి, ఎడమకంటి వంతు వచ్చినప్పుడు అవే అప్పజెప్పేవాడు. నర్సు ఏనాడూ అట్ట మార్చలేదు. ఒకసారి చివరి వరసలో కావాలనే ఒక అక్షరం తప్పు చెప్పాడు, మరీ నిక్కచ్చిగా ఉంటే అనుమానం వస్తుందని. ఇదంతా తెలిసింది ఇద్దరికే. ఒకరు ప్రిన్సిపాల్. రెండోది భార్య. ఆమె చిన్నపిల్లల బడిలో ఆయా. సాయంత్రం నాలుగున్నరకి కాలేజీ గేటు దగ్గరికొచ్చి, నోరెత్తకుండా అతని ఎడమ పక్కకు చేరి నడిచేది. ఎవరైనా చూస్తే ఈ వయసులో ఎంత అన్యోన్యమో అనుకునేవారు.

ఇంకో ఇరవై రెండు నెలలు గడిస్తే రిటైర్మెంటు.

పదిన్నరకి ఇరవై మంది పిల్లలు తోసుకుంటూ వచ్చి ఇద్దరేసి చొప్పున కూర్చున్నారు. కొత్త మేడం చేరి ఎనిమిది నెలలైంది. చురుకైన మనిషి, పాఠం బాగా చెబుతుంది. ఈ పది మైక్రోస్కోపుల కోసం ఏడు నెలలు ఉత్తరాలు రాసి, ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగానని తనే చెప్పుకుంటుంది. అది నిజమే.

"మొదట రెండు గుండ్రాలు కనిపిస్తాయి. గొట్టాలను మీ కళ్ల దూరానికి సర్దుకుంటూ పోతే రెండూ కలిసి ఒకటవుతాయి. వలయాలు ముట్టుకోకండి. బాబాయ్ గారు పొద్దున్నే అన్నీ సరిచేసి పెట్టారు" అంది మేడం.

అతను తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాసేపు బల్లల మీదనుంచి "ఆహా" లు, "ఏదీ, నన్ను చూడనీ" లు వినిపించాయి. తర్వాత ఎవరో అన్నారు. "మేడం, ఒక కంటికి బాగుంది. రెండోదానికి మసక."

"మాకూ అంతే మేడం."

"మాకు ఎడమది అసలేమీ కనబడట్లేదు."

మేడం మొదటి బల్ల దగ్గర వంగి చూసింది. రెండోదీ చూసింది. మూడోది చూసేసరికి మొహం ఎర్రబడింది. ఒకటి ఇటు, ఒకటి అటు. పదికి పదీ తప్పే.

"ఏంటిది? చెప్పిన పని ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటి."

"సరిచేస్తాను మేడం."

"ఎప్పుడు, క్లాసు అయ్యాకా? రండి. పిల్లలందరి ముందూ చేసి చూపించండి, వాళ్లూ నేర్చుకుంటారు."

ముందు వరసలో జడ పిల్ల ఉన్న బల్ల దగ్గర స్టూలు ఖాళీ చేసి అతన్ని కూర్చోబెట్టారు. పిల్లలు చుట్టూ మూగారు. అతను కుడి కంటితో చూసి చక్రం తిప్పాడు. గదులు ఠక్కున నిలబడ్డాయి.

"ఇప్పుడు కుడికన్ను మూసి, ఎడమదాంతో."

అతను కుడికంటి మీద అరచెయ్యి ఆనించుకున్నాడు. చీకటి. వలయాన్ని మెల్లిగా, నిజంగా దేన్నో వెతుకుతున్నవాడిలా తిప్పి, ఆగి, రవ్వంత వెనక్కి తిప్పి, "సరిపోయింది మేడం" అన్నాడు.

మేడం పక్కనుంచి వంగి ఎడమ గొట్టంలో చూసింది. అందులో పాలు ఒలికినట్టు తెల్లటి మసక. అతని మొహం వంక చూసింది, ఆ నున్నటి ఎడమ చెంప వంక. ఏదో లెక్క సరిపోయినట్టు ఆమె కళ్లు చిన్నవయ్యాయి.

"ఇంకొక్కసారి. చెయ్యి తియ్యకండి" అంటూ పెదవుల మీద వేలుంచుకుని పిల్లల్ని ఊరుకోమంది. జడ పిల్ల వైపు తిరిగి దీపం మీటను చూపించి కళ్లతోనే సైగ చేసింది. జడ పిల్ల నవ్వాపుకుంటూ, చాలా నేర్పుగా, చప్పుడు కాకుండా మీట నొక్కింది. అయినా టిక్కుమని చిన్న చప్పుడు అతనికి వినబడింది. ఎవరి పెన్నో అనుకున్నాడు.

"ఇప్పుడు కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది మేడం."

"ఏం కనిపిస్తోందో చెప్పండి, పిల్లలు రాసుకుంటారు."

ముప్పై ఒక్క ఏళ్లు చూసింది చెప్పడానికి అతనికి కన్నెందుకు? "ఇటుకలు పేర్చినట్టు గదులు. కొన్ని పొడుగు, కొన్ని కురచ. గోడలు సన్నగా ఉన్నాయి, గులాబీరంగు పట్టింది. ఒక్కో గదిలో ఒక చుక్క, మధ్యలో కాదు, ఓ పక్కకి ఒదిగి" అని చెబుతూ ఉంటే గొంతు కుదుటపడింది. నమ్మకం కలగడానికి ఇంకొంచెం కలిపాడు. "ఇదిగో ఈ మూల ఒక గాలిబుడగ ఉంది మేడం, నల్లటి అంచుతో. దాన్ని గది అనుకోకూడదు."

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. అది అంటుకున్నట్టు బల్లబల్లకీ పాకింది.

"బాబాయ్, లైటు ఆపేశారు!"

అతను అరచెయ్యి తీశాడు. కుడి గొట్టంలోనూ చీకటే. ఒక్క క్షణం ఆ కన్ను కూడా పోయిందనుకుని బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత తల ఎత్తితే చుట్టూ పళ్లు కనబడ్డాయి.

"బాబాయ్‌ది ఎక్స్‌రే చూపురా!"

"రెండు కళ్లూ తెరిచి చూడమనేది ఇందుకా బాబాయ్? రెండోదాన్ని ఊరికే ఉండమని చెప్పావా?"

"సైలెన్స్!" అంది మేడం. ఆమె మాత్రం నవ్వలేదు. "మీకు ఈ కన్ను కనబడదు. అవునా?"

అతను కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇన్నాళ్లూ మమ్మల్నందర్నీ మోసం చేశారన్నమాట. ఇక్కడ యాసిడ్లున్నాయి, పిల్లలున్నారు. ఎవరికైనా ఏమైనా అయితే?" అంటూనే జడ పిల్లను ప్రిన్సిపాల్ గారిని పిలుచుకురమ్మని పంపింది. జడ పిల్ల పరుగెత్తుకెళ్లింది.

ప్రిన్సిపాల్ వచ్చేదాకా అతను స్టూలు మీదే కూర్చున్నాడు, లేవమని ఎవరూ అనలేదు కాబట్టి. ఆయన వస్తున్నాడంటే చిత్రంగా కొంచెం ధైర్యం వచ్చింది. ఈ గదిలో తనకున్న ఒకే ఒక్క సాక్షి. ప్రిన్సిపాల్ లావుపాటి శరీరాన్ని బల్లల మధ్యనుంచి ఒద్దికగా జరుపుకుంటూ వచ్చి, మేడం చెప్పిందంతా విని, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఎన్నాళ్లనుంచయ్యా?"

అతను ఆయన మొహంలోకి చూశాడు. ఎంత నిబ్బరంగా అడుగుతున్నాడు! పిల్లల ముందు కదా మరి. "చాలా ఏళ్లయింది సార్" అన్నాడు, మాట జారకుండా.

"చాలా ఏళ్లంటే? మనిషికి తన కన్ను ఎప్పుడు పోయిందో తెలియదా? పర్సు పారేసుకున్నట్టు చెబుతున్నావే!"

పిల్లలు గొల్లుమన్నారు. తను వేసిన జోకు పండినందుకు ప్రిన్సిపాల్ కూడా చిన్నగా నవ్వాడు. "గదికి రా."

ఆఫీసు గదిలోకి వెళ్లాక ప్రిన్సిపాల్ తలుపు వేశాడు. ఆ తలుపు చప్పుడు కోసమే అతను దారంతా ఎదురుచూశాడు. ఇక ఇప్పుడు ఆయన గొంతు తగ్గించి మాట్లాడతాడు. ఏదో ఒకటి చేద్దాంలే అంటాడు. ఆ మంచం అంచున కూర్చున్నప్పటి గొంతు వినడానికి అతను సిద్ధంగా నిలబడ్డాడు.

"నాకు ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది!" అన్నాడు ప్రిన్సిపాల్, కుర్చీలో కూలబడుతూ. "ఇన్నేళ్ల పరిచయం. నేనేమైనా పులినా, సింహాన్నా? చెబితే ఏదో ఒక దారి చూపించేవాణ్ని కదా. ఇప్పుడు ఇరవై మంది చూశారు. నేనేం చేయను?"

అతనికి అర్థం కాలేదు. తలుపు సరిగ్గా పడిందో లేదోనని వెనక్కి చూశాడు. పడింది.

"ఆ సీసా సంగతి సార్..."

"ఏ సీసా?"

ఆ మాట ఎంత తేలిగ్గా, ఎంత వెంటనే వచ్చిందంటే, అందులో నటన దూరే సందు లేదు. ప్రిన్సిపాల్ కనుబొమలు పైకెత్తి, నిజంగానే జవాబు కోసం చూస్తున్నాడు. ఇంతకాలం ఆ మధ్యాహ్నాన్ని చెరో పక్క పట్టుకుని ఇద్దరూ మోస్తున్నారని అతను అనుకున్నాడు. కారిడార్లో ఎదురైనప్పుడు ఆయన తలూపితే, ఆ తలూపులో అది ఉందనుకున్నాడు. ఆయన ఎప్పుడో, ఎక్కడో కిందపెట్టేసి వెళ్లిపోయాడు.

చెప్పవచ్చు. మరుగునీళ్లు, బిరడా, ముట్టని టీ, అన్నీ చెప్పవచ్చు. కానీ అడుక్కుంటున్నట్టు ఒక్కొక్కటీ గుర్తుచేయడానికి నోరు రాలేదు.

"ఏం లేదు సార్."

"చూడు, దాచిపెట్టావని పైకి రాస్తే విచారణ అంటారు, నానా గొడవ. ఇంకా రెండేళ్లు కూడా లేదు కదా నీకు. నీ అంతట నువ్వే మానేస్తున్నట్టు రాసిచ్చెయ్. మర్యాదగా పోతుంది" అని ప్రిన్సిపాల్ తెల్లకాగితం, పెన్ను ముందుకు తోశాడు. "నేను చెబుతా, రాసుకో. వయసు పైబడినందువల్ల నా కంటిచూపు మందగించింది..."

పెన్ను ఆగింది. "వయసువల్లా సార్?"

"మరి దేనివల్ల రాస్తావు? రాయి."

రాశాడు. వరస వంకర పోకుండా కాగితం అంచున వేలు పెట్టుకుని రాశాడు. సంతకం ఎక్కడ చేయాలో ప్రిన్సిపాల్ వేలితో చూపించాడు. తర్వాత కాగితం ఎత్తి చదివి, "దస్తూరీ బాగుందయ్యా నీది" అన్నాడు మెచ్చుకోలుగా.

భోజనాల వేళ ల్యాబ్ ఖాళీగా ఉంది. తన వస్తువులు తీసుకోవడానికి వచ్చాడు గానీ, తీసుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక గొడుగు, ఒక దువ్వెన, అన్నం గిన్నె. గిన్నె మూత తీయలేదు. బల్లల మీద స్లైడ్లు ఎక్కడివక్కడ వదిలేశారు పిల్లలు. ఊరుకోలేక అన్నీ ఏరి కడిగి ఆరబెట్టాడు. మైక్రోస్కోపులకు కవర్లు తొడిగాడు. సొరుగులోంచి లెన్సులు తుడిచే గుడ్డముక్కల బొత్తి తీసి, సబ్బుతో నలిపి నలిపి ఉతికాడు.

జడ పిల్ల మరిచిపోయిన పుస్తకం కోసం వచ్చి, అతన్ని చూసి గుమ్మంలోనే ఆగింది. "బాబాయ్, మేడం చెబితేనే ఆపాను."

"తెలుసమ్మా."

"కోపం వచ్చిందా?"

అతను గుడ్డ పిండి దులిపాడు. "చెయ్యి బాగా కుదిరిందమ్మా నీకు. మొదట్లో చక్రం తిప్పడానికే వణికిపోయేదానివి."

పిల్ల మొహం విచ్చుకుంది. హమ్మయ్య అన్నట్టు నవ్వి, పుస్తకం గుండెకానించుకుని పరుగెత్తింది. కారిడార్లో ఎవరితోనో, "కోపం లేదే! నన్ను మెచ్చుకున్నాడు కూడా" అనడం అతనికి వినిపించింది. మళ్లీ నవ్వులు.

తాళాలు గుమాస్తా బల్ల మీద పెట్టి, ఏది దేనిదో రెండుసార్లు చెప్పాడు. గేటు దాటేసరికి రెండు కావస్తోంది. నాలుగున్నర దాకా భార్య రాదు. ఇక్కడే నిలబడితే పిల్లలు వస్తూ పోతూ చూస్తారు. రోడ్డు అంచున నిలబడి మెడ పూర్తిగా ఎడమవైపుకి తిప్పి చూశాడు, మళ్లీ కుడివైపుకి, మళ్లీ ఎడమవైపుకి. బళ్లు ఆగడం లేదు. ఎవరో వెనకనుంచి "దాటవయ్యా, నిద్రపోతున్నావా?" అన్నారు. అతను ఒక చెయ్యి ఎడమ పక్కకి కొంచెం చాచి, అక్కడ ఎవరూ లేరని గుర్తొచ్చి దించేసుకుని, దాటాడు. ఆ కాలేజీలో మళ్లీ ఎవరూ అతన్ని చూడలేదు.

ల్యాబ్‌లో కిటికీకి కట్టిన తీగ మీద గుడ్డముక్కలు తొమ్మిది వరసగా ఆరేసి ఉన్నాయి. అతని ఇంట్లో అరిగిపోయిన దుప్పటిలోంచి కత్తిరించిన అరచేతంత ముక్కలు, పోగులు ఊడి అద్దాలకు అంటుకోకుండా నాలుగంచులా సన్నటి చేతికుట్టు వేసినవి, ఇంకా బొట్టు బొట్టుగా గచ్చు మీద నీళ్లు వదులుతూ.